పరదేశములో ఇల్లు కట్టుకొనవచ్చునా?



మన గ్రామసంఘములలో నేడు ఒక క్రొత్త ప్రశ్న వినబడుచున్నది. పూర్వము కాపరియొద్దకు వచ్చు తలిదండ్రులు పిల్ల పెండ్లిని గూర్చియు, పొలముగట్టు తగవును గూర్చియు అడుగుచుండిరి. ఇప్పుడు చేత సెల్‌ఫోను పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, మావాడు అమెరికాలో ఇల్లు కొంటానంటున్నాడు. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. కొనుక్కోమందుమా, వద్దందుమా?" అని అడుగుచున్నారు. డల్లాసు, న్యూజెర్సీ అను పేర్లు మన రచ్చబండలమీద పొరుగూరి పేర్లవలె పలుకబడుచున్నవి. కావున ఈ ప్రశ్న పట్టణపువారిది, మనది కాదు అని త్రోసివేయుటకు వీలులేదు.

కొందరు దీనిని కేవలము రూకల లెక్కగా ఎంచుదురు. అద్దె యెంత, వాయిదా యెంత అని కాగితముమీద కూడి చూచి జవాబు చెప్పుదురు. లెక్క చూడవలసినదే, దాని సంగతి ముందు చెప్పెదను. గాని ఆ లెక్కకు వెనుక మరియొక ప్రశ్న ఉన్నది. "నీవిక్కడ స్థిరముగా ఉండవచ్చును" అని ఇంకను చెప్పని దేశములో మనుష్యుడు పునాది వేయవచ్చునా? వేసినయెడల అది విశ్వాసమా, తెగింపా? వేయక ఊరకున్నయెడల అది వివేకమా, పిరికితనమా? తొందరపడి చెప్పిన జవాబు, అవుననినను కాదనినను, ఒక కుటుంబమును చెరుపగలదు.

మొదట ఆ నిరీక్షణ యెట్టిదో తెలిసికొందము. అమెరికాలో పనిచేయు మన పిల్లలలో అనేకులు హెచ్-1బి అను వీసామీద ఉన్నారు. అది సాధారణముగా 3 సంవత్సరములకు ఇయ్యబడి, మరి 3 సంవత్సరములు పొడిగింపబడును. 6 సంవత్సరములు నిండిన పిమ్మట, శాశ్వత నివాసము కొరకైన దరఖాస్తు నడచుచున్నయెడల, 2000 సంవత్సరపు చట్టమునుబట్టి మరల మరల పొడిగించుకొనవచ్చును. ఆ శాశ్వత నివాసపు అనుమతినే గ్రీన్ కార్డు అందురు. ఉద్యోగమునుబట్టి ఇచ్చు అట్టి కార్డులు ఏటికి సుమారు 1,40,000 అని 1990 సంవత్సరపు చట్టము నిర్ణయించినది. భార్యయు పిల్లలును ఆ లెక్కలోనే చేరుదురు. ఏ ఒక్క దేశమువారికిని నూటికి 7 కంటె మించి పోరాదనియు నియమము కలదు. చిన్న దేశమునకును పెద్ద దేశమునకును కొలపాత్ర ఒక్కటే. అందుచేత మన దేశస్థుల వరుస మిక్కిలి పొడవైనది.

ఆ ప్రభుత్వము నెలనెలయు ఒక పట్టిక ప్రకటించి, ఏ తేదీవరకు దరఖాస్తు పెట్టినవారి వంతు వచ్చినదో తెలుపును. 2025 ఆగస్టు పట్టికలో, పై చదువులు చదివిన భారతీయుల వంతు 2013 జనవరి మొదటి తేదీ వద్ద నిలిచియుండెను. అనగా 12 ఏండ్లకు పైగా కాచుకొన్నవారి వంతు అప్పుడు వచ్చెను. ఆ తేదీ ఒక నెల ముందుకు జరుగును, కొన్ని నెలలు కదలకుండును, కొన్నిసార్లు వెనుకకును పోవును. ఈ మధ్యకాలములో ఉద్యోగము పోయినయెడల మరియొక యజమాని దొరకుటకు గాని, దేశము విడుచుటకు గాని ఇచ్చు గడువు హెచ్చుపక్షము 60 దినములు. అక్కడ పెరిగిన పిల్లవాడు 21 ఏండ్లు నిండినప్పుడు సాధారణముగా తలిదండ్రుల దరఖాస్తు నీడలోనుండి తొలగిపోవును. అతని వయస్సు లెక్కించు విషయమున 2002 సంవత్సరపు చట్టము కొంత వెసులుబాటు ఇచ్చినది గాని, అది అందరికిని చాలుటలేదు.

ఇల్లు కొనుటకు ఆ వీసా అడ్డు రాదు. జీతము, అప్పు తీర్చిన మంచి పేరు ఉన్నచో బ్యాంకులు ఋణమిచ్చును. ప్రభుత్వపు పూచీతో దొరకు ఒక విధమైన గృహఋణము మాత్రము 2025 మే నెల చివరినుండి శాశ్వత నివాసము లేనివారికి నిలిపివేయబడినది. అయితే ఒక్క సంగతి మరువరాదు. ఇల్లు కొన్నందువలన అక్కడ ఒక్క దినమైన అధికముగా నిలుచు హక్కు కలుగదు. దస్తావేజు ఒక కచ్చేరీది, వీసా మరియొక కచ్చేరీది. ఒకటి రెండవదానిని ఎరుగదు.

ఇట్టి స్థితిలో "వద్దు" అనువారి మాట మొదట విందము. వారి మాటకు బలము లేకపోలేదు. అబ్రాహాము వాగ్దానము పొందిన దేశములోనే గుడారములలో కాపురముండెను. యిర్మీయా కాలములో రేకాబీయులను ఒక వంశమువారుండిరి. తమ పితరుడైన యోనాదాబు మాటచొప్పున వారు ఇండ్లు కట్టుకొనక, ద్రాక్షతోటలు నాటక, గుడారములలోనే బ్రదికిరి. వారి విధేయతను దేవుడు మెచ్చెను. పౌలు రోమా పట్టణములో చక్రవర్తి తీర్పుకొరకు కాచుకొన్న రెండు సంవత్సరములును అద్దె యింటనే గడపెను. ఇది మన ప్రశ్నకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడుడు. ఒక ప్రభుత్వపు నిర్ణయము కొరకు కాచుకొన్న మనుష్యుడు, అద్దె చెల్లించుచు, వచ్చినవారినందరిని చేర్చుకొనుచు, తన పని ఆపక చేసికొనెను. అద్దె యింట నుండుట అవమానమని తలంచువారు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనవలెను.

ఇక "కట్టుకొనుడు" అను మాట ఎవరిది? అదే యిర్మీయాది. క్రీస్తుపూర్వము 597 ప్రాంతమున రాజైన యెహోయాకీనుతో కూడ యెరూషలేమువారనేకులు బబులోనునకు చెరగా కొనిపోబడిరి. వారికి ఆ ప్రవక్త ఒక ఉత్తరము వ్రాసెను. మీరక్కడ ఇండ్లు కట్టుకొని కాపురముండుడి, తోటలు నాటి వాటి ఫలము తినుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థింపుడి అని దాని తాత్పర్యము. శత్రువుల పట్టణములో ఇల్లు కట్టుకొనుమని చెప్పుట చెరపట్టబడినవారికి ఎంత చేదుగా తోచెనో ఊహింపుడు. అదే కాలములో హనన్యా అను ప్రవక్త లేచి, రెండేండ్లలో అందరును తిరిగి వచ్చెదరు అని యెరూషలేము దేవాలయములో పలికెను. జనులకు తియ్యగా వినబడిన మాట హనన్యాది. సత్యమైన మాట యిర్మీయాది. అతడు చెప్పిన గడువు 70 ఏండ్లు.

ఈ ఉత్తరమును చూపి, "ఇదిగో, వాక్యము చెప్పుచున్నది, కొనుక్కొనుడు" అని మన పిల్లలకు చెప్పుట సులభము. నేనట్లు చెప్పను. బబులోనునకు పోయినవారు కొనిపోబడినవారు. మన పిల్లలు కోరి వెళ్లినవారు. వారికి ప్రవక్త గడువు చెప్పెను. మన పిల్లలకు ఏ ప్రవక్తయు గడువు చెప్పలేదు. కావున ఆ ఆజ్ఞను ఉన్నదున్నట్లుగా ఎత్తి డల్లాసులో పెట్టలేము. గాని ఆ ఉత్తరములోనున్న బోధ ఒకటి అన్ని కాలములకు చెందును: కాచుకొను కాలము కూడ బ్రదుకవలసిన కాలమే. పెట్టె కట్టి గుమ్మములో పెట్టుకొని 12 సంవత్సరములు కూర్చుండువాడు ఆ ఊరికి ఉపయోగపడడు, తన పిల్లలకు ఉపయోగపడడు, విడిచివచ్చిన ఊరికిని ఉపయోగపడడు. వాడు నాటని చెట్టు నీడ ఎవరికిని దొరకదు.

మనవారు పరదేశములో ఇండ్లు కట్టుకొనుట ఇది మొదటిసారి కాదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసునుండి వెళ్లి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. చెరకు తోటలలో పనిచేయుటకు ఒడంబడిక వ్రాసికొన్న కూలీలు అందులో ఉండిరి. వారిలో తెలుగువారును ఉండిరి. 1911వరకు ఓడలట్లు పోవుచునే యుండెను. ఒడంబడిక 5 ఏండ్లకు. గడువు తీరిన పిమ్మట అక్కడనే నిలువదలచినవారిమీద నేటాలు ప్రభుత్వము 1895 సంవత్సరపు చట్టముచేత ఏటికి 3 పౌనుల పన్ను వేసెను. తిరిగి పొండు, లేదా మరల కూలికి కట్టుబడుడు అని ఆ పన్ను చెప్పుచుండెను. 1914లో గాని అది రద్దు కాలేదు. ఆ భారము క్రిందనే మనవారనేకులు చిన్న నేలముక్కలు సంపాదించి, కూరగాయలు పండించి, రేకుల ఇండ్లు వేసికొనిరి. 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్యగారిని మిషనరీగా వారియొద్దకు పంపెను. 1950లో వచ్చిన జాతివారీ నివాస చట్టముచేత వారి సంతతివారనేకులు తమ ఇండ్లనుండి లేపివేయబడిరి. అయినను ఆ దేశములో నిలిచిరి, నేటికిని ఉన్నారు.

బర్మా చరిత్ర వేరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి సీమలనుండి వేలకొలది జనులు రంగూను పోయి ఓడరేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసిరి. 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుమీద బాంబులు వేసెను. 1942లో లక్షలకొలది భారతీయులు ఆ దేశము విడిచి పోయిరి. అనేకులు అడవులగుండ, కొండలమీదుగ కాలినడకను వచ్చిరి. త్రోవలో వేలమంది చనిపోయిరి. యుద్ధము ముగిసిన తరువాత తిరిగి వెళ్లినవారును, అక్కడనే నిలిచినవారును 1962లో సైనిక ప్రభుత్వము ఏర్పడి, 1964లో అంగళ్లను జాతీయము చేయగా, మరల మూటలు కట్టవలసివచ్చెను. విశాఖపట్టణములో కంచరపాలెము నొద్దనున్న బర్మా క్యాంపు అను పేట ఆ రాకకు గుర్తుగా నేటికిని నిలిచియున్నది.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. నేటాలులో ఇల్లు కట్టినవాడు తెలివిగలవాడనియు, బర్మాలో కట్టినవాడు మూర్ఖుడనియు చెప్పుదుమా? చెప్పలేము. ఇద్దరును చెమటోడ్చినవారే. ఇద్దరికిని రేపు ఏమగునో తెలియదు. కాబట్టి ఇల్లు నిలిచినదా పోయినదా అనుదానినిబట్టి కట్టుట మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పుట తగదు. ఫలితము మన చేతిలో లేదు. కట్టునప్పటి మన ఉద్దేశమును, కట్టిన రీతియు మాత్రమే మన చేతిలో ఉన్నవి. వాటిని గూర్చియే మనస్సాక్షి మనలను అడుగును. ఆ అడుగుటలో మూడు ప్రశ్నలున్నవని నాకు తోచుచున్నది.

మొదటిది: ఈ ఇల్లు ఎవరికొరకు? నలుగురు పిల్లలు ఒక గదిలో కిక్కిరిసియున్నారు, బడి దగ్గర ఇల్లు కావలెను, ముసలి తల్లి వచ్చినప్పుడు మెట్లు ఎక్కనవసరములేని గది కావలెను అని కొనువాడు బ్రదుకుటకు కొనుచున్నాడు. తోటివాడు కొన్నాడు, బావమరిది గృహప్రవేశపు ఫోటోలు పంపినాడు, మనకు లేకపోతే చిన్నతనము అని కొనువాడు చూపుటకు కొనుచున్నాడు. ఇల్లు కొన్నయెడల ఈ దేశము నన్ను పంపివేయలేదని లోలోపల నమ్మి కొనువాడు మరియొక విధమున మోసపోవుచున్నాడు. వాడు ఇటుకలను వీసాగా ఎంచుకొన్నాడు. ఇటుకలు ఆ పని చేయలేవు. ఇల్లు ఇచ్చునది నీడ. అంతకు మించినదానిని ఇంటినుండి అడిగినవాడు ఏ దేశములోనైనను, మన ఊరిలోనైనను, భంగపడును.

రెండవది: ఈ ఇంటి వెల ఎవరు చెల్లించుచున్నారు? గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువే చెప్పెను. మనమును చూతము. 4,00,000 డాలర్ల అప్పును నూటికి ఆరున్నర వార్షికవడ్డీకి 30 ఏండ్ల గడువుతో తీసికొన్నారనుకొనుడు. నెల వాయిదా సుమారు 2,528 డాలర్లు. అందులో మొదటి నెల వడ్డీక్రింద పోవునది 2,167; అసలులో తగ్గునది 361 మాత్రమే. 5 ఏండ్లు తప్పక కట్టినయెడల మొత్తము లక్షన్నర డాలర్లు దాటును గాని, అసలులో తీరునది సుమారు 25,500. మన ఊరిలో వడ్డీకి తెచ్చినవారికి ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేదు. తొలి యేండ్లలో మనము ఇంటికి కాక వడ్డీకి కాపురముండుదుము. అంతలో ఉద్యోగము పోయి 60 దినములలో లేవవలసివచ్చినయెడల, ధర ఎంత దొరికిన అంతకు అమ్మవలసియుండును. దేశము విడిచి స్థిరముగా ఇక్కడికి వచ్చిన పిమ్మట అమ్మినచో, అనేక సందర్భములలో అమ్మకపు ధరలో నూటికి 15 వంతులు పన్నుక్రింద ముందుగా పట్టి యుంచుదురు. తిరిగి రావలసినది లెక్క తేలిన పిమ్మటనే వచ్చును.

కావున మొదట కట్టవలసిన పెద్ద సొమ్ము చెల్లించిన తరువాత కూడ, కొన్ని నెలల వాయిదాలకు సరిపడు రొక్కము చేతనుంచుకొనలేనివాడు ఇంకను ఆగవలెను. భార్య జీతమును కూడ లెక్కవేసి అప్పు తీసికొనువారు మరియొకటి చూచుకొనవలెను. హెచ్-1బి వారి భార్యలలో కొందరికి మాత్రమే, అదియు 2015నుండియే, పనిచేయు అనుమతి దొరకుచున్నది. ఆ అనుమతి ఆలస్యమైన నెలలో వాయిదా ఆలస్యము కాదు. ఇక ఆ మొదటి సొమ్ము కొరకు ఇక్కడ తండ్రి రెండెకరముల చెరువుక్రింది పొలము అమ్మినచో ఆ ఇంటి పునాది ఎవరిమీద ఉన్నది? తమ్ముని చదువు ఆగినదా? చెల్లెలి పెండ్లికి దాచినది కరగినదా? వేరొకరి నీడ తీసి తనకు నీడ చేసికొనుట ఏ దేశపు చట్టమైనను ఒప్పుకొనవచ్చును గాని, మనస్సాక్షి ఒప్పుకొనరాదు.

మూడవది: అవసరమైన దినమున దీనిని విడువగలవా? లోతు భార్య సంగతి మనకందరికి తెలియును. ఆమె కాళ్లు పట్టణమును విడిచెను గాని ఆమె చూపు విడువలేదు. విడువలేని ఇల్లు ఇల్లు కాదు, సంకెల. "ఇల్లు పోతుంది" అను భయముచేత అన్యాయపు యజమానికి నోరు మెదపకుండ లొంగియుండువారును, నిజము కానిదానికి సంతకము పెట్టువారును ఉందురు. అట్టి దినమున ఇంటిని విడిచి సత్యమును పట్టుకొనగలనని నిబ్బరముగా చెప్పగలవాడు కొనుక్కొనవచ్చును. చెప్పలేనివాడు తన హృదయమును మరికొంత కాలము పరీక్షించుకొనుట మేలు.

ఈ మూడింటికిని నిర్మలమైన జవాబు ఉన్నయెడల, గ్రీన్ కార్డు రాలేదను ఒక్క కారణమును బట్టి వద్దని చెప్పనవసరము లేదు. అట్టివాడు కట్టిన ఇల్లు ఆ ఊరికిని మేలు చేయును. అమెరికాలో ఊరి బడులకు కావలసిన సొమ్ములో పెద్ద భాగము ఇండ్లమీది పన్నునుండి వచ్చును. అక్కడ ఓటు లేని మనవాడు ఆ పన్ను కట్టి ఎవరెవరి పిల్లల చదువుకో సహాయము చేయుచున్నాడు. పొరుగువాని పేరు తెలిసికొని, వాని యింట కష్టము వచ్చినప్పుడు తలుపు తట్టుట కూడ ఆ పన్నువంటిదే. పట్టణపు క్షేమము కోరుట అనగా ఇదియే. అది ఓటుతో మొదలుకాదు, కార్డుతోను మొదలుకాదు.

ఇక మన ఊరిలోనున్న ఇంటి సంగతి. చదువరులారా, ఈ ప్రశ్న అడుగు తండ్రి నోట ఒక మాట, గుండెలో మరియొక మాట ఉండుట నేను చూచితిని. నోటితో అడుగునది వడ్డీని గూర్చి. గుండెలో ఉన్నది, "అక్కడ ఇల్లు కొన్నాడంటే ఇక రాడు కదా" అనునది. పిల్లలు అద్దె యింట ఉన్నంతకాలము తలిదండ్రులకు ఒక ఆశ. కొన్నారని తెలిసిన దినమున ఆ ఆశ ఆరిపోవును. తల్లి చుట్టములకు మిఠాయి పంచును. రాత్రి దీపమార్పి ఏడ్చును. ఈ దుఃఖమును లెక్కలోనికి తీసికొనని సలహా సలహా కాదు.

దీనికి పిల్లలు చేయవలసినది ఒకటున్నది. వారు హనన్యా కాకూడదు. "రెండేండ్లలో వచ్చేస్తాం నాన్నా" అని ప్రతి పండుగకు ఫోనులో చెప్పుట ఎంతో తియ్యగా నుండును. ఆ మాట నమ్మి తండ్రి కంటి ఆపరేషను వాయిదా వేయును. కొడుకు వచ్చి చూచుకొనునని పొలము కౌలుకియ్యక బీడుపెట్టును. ఊరి ఇంటికి వాసము మార్చక వానకాలము నెట్టుకొనివచ్చును. రెండేండ్లు పది యేండ్లగును. ప్రేమతో చెప్పిన అబద్ధముకూడ తలిదండ్రుల శేషజీవితమును దొంగిలించును. యిర్మీయా ఉత్తరము వినువారికి చేదుగానే యుండెను. గాని దానిని నమ్మినవారు 70 ఏండ్లకు తగినట్లు తమ జీవితమును దిద్దుకొనగలిగిరి. కావున ఇల్లు కొనదలచిన కుమారుడు మొదట తండ్రితో నిజము చెప్పవలెను. ఎన్నేండ్లు కావచ్చునో, వచ్చు ఉద్దేశమున్నదో లేదో, లేనియెడల వారి ముసలితనమున ఎవరు దగ్గరనుందురో, దానికి నెలకు ఎంత పంపునో స్పష్టముగా చెప్పవలెను. అక్కడి ఇంటి వాయిదా వ్రాసికొన్న పుస్తకములోనే ఇక్కడి మందుల ఖర్చును వ్రాసికొనవలెను.

తలిదండ్రులు చేయవలసినదియు ఉన్నది. వీసా రాకపోతే బాగుండును, కొడుకు ఇంటికి వచ్చును అని లోలోపల కోరువారు ఉందురు. ఆ కోరిక ప్రేమనుండి పుట్టినదే. గాని అది కుమారుని నష్టమును కోరుట. ఆ దేశములోనే పుట్టి ఆ బడిలోనే చదివిన మనుమడు మన ఊరిని సెలవు దినములలో తప్ప ఎరుగడు. అతనికి అదియే ఇల్లు. మన ఒంటరితనముయొక్క వెలను ఆ పసివానిచేత చెల్లింపజేయరాదు. ఇది కఠినమైన మాటయని నాకు తెలియును. ముసలితనమున ఒంటరిగా నుండువారికి మరియు కఠినము. అందుకే సంఘము మేలుకొనవలెను. పరదేశములో పిల్లలున్న వృద్ధులు మన ఊరిలో ఎందరున్నారు? వారిని ఆసుపత్రికి తీసికొనిపోవువారెవరు? ఆదివారము గుడికి రానప్పుడు ఎందుకు రాలేదని వెళ్లి చూచువారెవరు? కొడుకు పంపిన డబ్బు బ్యాంకులోనుండి తెచ్చుకొనుటకును తోడు కావలెను గదా.

యిర్మీయాను గూర్చి ఇంకొక్క సంగతి చెప్పి ముగించెదను. పరదేశములో ఇల్లు కట్టుకొనుడని ఇతరులకు వ్రాసిన ఆ మనుష్యుడు తానేమి కొనెను? కల్దీయులు యెరూషలేమును ముట్టడించియుండగా, తాను కావలివారి ఆవరణములో బంధింపబడియుండగా, తన పినతండ్రి కుమారుడైన హనమేలు యొద్ద అనాతోతు ఊరిలో ఒక పొలమును 17 తులముల వెండికి కొనెను. ఆ పొలములో తాను పంట కోయుదునని కొనలేదు. దేశమంతయు చేజారుచున్న దినమున, ఈ నేలమీద మరల కాపురములుండునని నమ్మి కొనెను. అయినను ఎంత జాగ్రత్తగా కొనెనో చూడుడు. అప్పు చేయలేదు, వెండి తూచి ఇచ్చెను. సాక్షులను పెట్టెను. ముద్రవేసిన పత్రమును, విప్పియున్న పత్రమును రెండు వ్రాయించి, బారూకుచేత మట్టికుండలో భద్రము చేయించెను. విశ్వాసము అతని చేత పత్రము వ్రాయింపకుండ చేయలేదు. మన పిల్లలును అట్లే, ఇల్లు ఎవరి పేరనున్నదో, తమకు ఏమైన సంభవించినయెడల ఎవరికి చెందునో, ఇక్కడి పొలములో ఎవరి భాగమెంతో, దూరమున నుండగనే కాగితముమీద స్పష్టము చేసికొనవలెను. కాగితము లేని ప్రేమలు అన్నదమ్ములను కచ్చేరీకి ఈడ్చుట మనము చూడనిది కాదు.

కొనిన కుమారునికిని, కొనవద్దని మానుకొన్న కుమార్తెకును మనము ఒక్కటే చెప్పుదము. ఇంట నుండినను అద్దెకుండినను, నెలనెల వచ్చు ఆ పట్టికలోని తేదీకి మీ ప్రాణమును వ్రేలాడదీయకుడు. ఈ యేడు చేయదగిన మేలును, వచ్చు ఏడు కార్డు వచ్చిన తరువాత చేసెదమని దాచుకొనకుడు. ఇక్కడనున్న మనము కూడ అట్లే చేయుదము. ఈ వారమే మన వీధిలో ఒంటరిగానున్న ఒక తల్లి యింటికి పోయి, కొంతసేపు కూర్చుండి, అమెరికాలోనున్న తన బిడ్డకు ఆమె చెప్పదలచినది ఏమో విందము. ఆమెకు వ్రాయుట రాకున్నయెడల మనము వ్రాసి పెట్టుదము. ఉన్నదున్నట్లు వ్రాయుదము.